లైనక్స్ సర్వర్‌లో టెంపరరీ ఫైళ్లు వాటంతటవే శుభ్రమయ్యేలా చేయడం ఎలా?

టెంపరరీ ఫైళ్లు పేరుకుపోతున్నాయనగానే చాలామంది క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు నడిపేది) ఫైళ్లు తుడిచే ఆర్‌ఎం కమాండ్ ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటారు. ప్రోగ్రామ్‌లు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడుతున్న సాకెట్ ఫైలు కూడా ఎగిరిపోయే రోజు దాకా అది బాగానే పనిచేస్తుంది. సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ ఉన్న సర్వర్‌లో అసలు ఆ అవసరమే లేదు. ఊడ్చే ఏర్పాటు అందులో ముందే ఉంది, ఎక్కడ ఊడవాలో ఎన్నాళ్లకు ఊడవాలో చెప్తే చాలు. కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి.

1. చెత్త ఎక్కడుందో ముందు చూడండి

డీఎఫ్‌కి హైఫన్ హెచ్ తగిలిస్తే ఏ పార్టిషన్ ఎంత నిండిందో తెలుస్తుంది. హైఫన్ ఐతో కూడా ఒకసారి నడపండి. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే, డిస్క్‌లో జాగా ఉన్నా ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలు దాచే ఖాతాలు) అయిపోతాయి. అప్పుడూ జాగా లేదనే ఎర్రర్ వస్తుంది. తర్వాత డీయూతో స్లాష్ టీఎంపీని, స్లాష్ వార్ స్లాష్ టీఎంపీని కొలవండి.

డిస్క్ నిండిందని డీఎఫ్ అంటోంది, డీయూ లెక్కలో మాత్రం అంత సరుకు కనబడదు. అలాంటప్పుడు, తుడిచేసిన ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచిందేమో చూడాలి. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ గుర్తు, పెద్ద ఎల్, 1 కలిపి ఇస్తే అదేదో బయటపడుతుంది. దీనికి క్లీనప్ పనికిరాదు, ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేయాల్సిందే.

2. ఉన్న టైమర్‌ను చూడండి

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని కొట్టి, పక్కన సిస్టమ్‌డీ హైఫన్ టీఎంపీఫైల్స్ హైఫన్ క్లీన్ డాట్ టైమర్ అని ఇవ్వండి. టీఎంపీఫైల్స్ అనేదే ఆ ఊడ్చే ఏర్పాటు, ఈ టైమర్ దాన్ని మామూలుగా బూట్ అయిన 15 నిమిషాలకు ఒకసారి, ఆపైన రోజుకోసారి నడుపుతుంది. సిస్టమ్‌డీతో వచ్చే నియమం ప్రకారం స్లాష్ టీఎంపీలో 10 రోజులు, స్లాష్ వార్ స్లాష్ టీఎంపీలో 30 రోజులు గడువు. అయితే అన్ని డిస్ట్రోలూ (లైనక్స్ రకాలు) దీన్ని ఉన్నదున్నట్టు ఉంచవు. డెబియన్‌లో ఈ గడువులు డీఫాల్ట్‌గా అమల్లోకి వచ్చింది 2025లో విడుదలైన 13వ వెర్షన్‌తోనే.

3. మీ నియమం రాయండి

స్లాష్ ఈటీసీ స్లాష్ టీఎంపీఫైల్స్ డాట్ డీ డైరెక్టరీలో, డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైలు పెట్టండి. స్లాష్ యూఎస్‌ఆర్ కింద ఉన్న అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు మీ మార్పులు పోతాయి. అదే పేరుతో ఈటీసీలో ఫైలు పెడితే పాతది మొత్తంగా పక్కకు పోతుంది కాబట్టి, ముందు కాపీ చేసుకుని తర్వాత మార్చండి.

ఒక్కో లైన్‌లో వరసగా రకం, పాత్, పర్మిషన్, యూజర్, గ్రూప్, వయసు ఉంటాయి. ఇప్పటికే ఉన్న డైరెక్టరీకైతే రకం దగ్గర ఈ అనే అక్షరం, తర్వాత పాత్, మధ్య మూడింటికీ ఒక్కో హైఫన్, చివర 7డీ. అంటే ఏడు రోజులు. వదిలేయాల్సినది ఏదైనా ఉంటే ఎక్స్ అక్షరంతో ఇంకో లైన్ రాయండి.

ఏడు రోజులంటే ఎప్పటి నుంచి? ఇక్కడే ఈ పద్ధతి క్రాన్ కంటే మెరుగు. పాత బ్యాకప్ ఒకటి స్లాష్ టీఎంపీలో విప్పుకుని, వేరే పని చూసుకుని వచ్చేసరికి నాకు సగం ఫైళ్లు లేవు. టార్‌తో కట్టిన మూట విప్పినప్పుడు ఫైళ్లకు వాటి పాత తేదీలే వస్తాయి. ఎమ్‌టైమ్ (ఫైలును చివరిసారి మార్చిన సమయం) ఒక్కటే చూసే నా స్క్రిప్ట్‌కు అవన్నీ ఏళ్లనాటి చెత్తలా కనబడ్డాయి. టీఎంపీఫైల్స్ అలా కాదు. ఫైలును చివరిసారి చదివిన సమయం, మార్చిన సమయం, దాని ఐనోడ్ మారిన సమయం మూడూ చూస్తుంది. ఏ ఒక్కటి కొత్తదైనా ఫైలు జోలికి పోదు.

4. నిజంగా తుడిచే ముందు

2024లో వచ్చిన సిస్టమ్‌డీ 256 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే, సిస్టమ్‌డీ హైఫన్ టీఎంపీఫైల్స్‌కు రెండు హైఫన్ల క్లీన్‌తో పాటు రెండు హైఫన్ల డ్రై హైఫన్ రన్ ఇవ్వండి. ఏవి పోతాయో చెప్తుంది, ఏదీ తుడవదు. తృప్తిగా ఉంటే డ్రై రన్ తీసేసి నడపండి. ఇక టైమర్ చూసుకుంటుంది.

5. సిస్టమ్‌డీ లేకపోతే

అప్పుడు ఫైండ్, క్రాన్ తప్పవు. ఫైండ్, పాత్, ఆపైన హైఫన్ ఎక్స్‌డెవ్, హైఫన్ టైప్ ఎఫ్, హైఫన్ ఎమ్‌టైమ్ ప్లస్ 7, చివర హైఫన్ ప్రింట్. ఎక్స్‌డెవ్ ఉంటే అక్కడ మౌంట్ చేసిన వేరే డిస్కుల్లోకి వెళ్లదు. ప్లస్ 7 అంటే ఎనిమిది రోజులు పూర్తిగా నిండినవి, ఎందుకంటే ఫైండ్ రోజులో భాగాలను లెక్కలోంచి వదిలేస్తుంది. వచ్చిన జాబితా సరిగ్గా ఉంటేనే ప్రింట్ బదులు డిలీట్ పెట్టండి, అదీ చివర్లోనే. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. డిలీట్ ముందుకొస్తే వయసు చూడకుండానే అన్నీ తుడిచేస్తుంది.

6. వారం తర్వాత

జర్నల్‌సీటీఎల్ హైఫన్ యూతో సిస్టమ్‌డీ హైఫన్ టీఎంపీఫైల్స్ హైఫన్ క్లీన్ డాట్ సర్వీస్ రికార్డు చూసి, ఎర్రర్లు లేవని తేల్చుకోండి. డీఎఫ్ మళ్లీ నడపండి. జాగా ఇంకా తగ్గుతూనే ఉంటే స్లాష్ వార్ స్లాష్ లాగ్ వైపు చూడండి. అయితే లాగ్ ఫైళ్లను ఈ నియమాల్లోకి లాగకండి, వాటి పని పాత లాగ్‌లను వంతుల వారీగా తీసేసే లాగ్‌రొటేట్‌ది.