కవచం తొడిగే ముందు, మరమ్మతుకు ముందు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో కొత్తగా దొరికిన కత్తినో కవచాన్నో ఆత్రంగా తొడిగే ముందు దాని వివరాలను పూర్తిగా చదవాలి. కొన్ని వస్తువులు ఒకసారి ధరించగానే ఆ పాత్రకే అంటుకుపోతాయి కనుక, ఆ తరువాత వాటిని ఆటలోని వేలంశాల అయిన ఆక్షన్ హౌస్‌లో అమ్మడానికి గాని, స్నేహితునికి ఇవ్వడానికి గాని వీలుండదు. తెరపై వచ్చిన హెచ్చరికను చదవకుండా నొక్కేసి, మంచి ధర పలికే గొడ్డలిని నేనొకసారి చేజేతులా పాడుచేసుకున్నాను.

సామగ్రి మన్నికను గుంపుతో డంజన్‌లోకి, అంటే శత్రువులుండే ప్రత్యేక స్థలంలోకి, దిగక ముందే చూసుకోవాలి. శత్రువు చేతిలో చనిపోయినప్పుడల్లా ఒంటిమీది సామగ్రి మన్నిక 10 శాతం తగ్గుతుంది. తిరిగి బతకడానికి తన శవం దగ్గరకు ఆత్మగా నడిచి వెళ్లే ఓపిక లేక, చనిపోయిన పాత్రలను బతికించే శ్మశానంలోని స్పిరిట్ హీలర్ చేత లేపించుకుంటే, ఒంటిమీదివే కాక సంచిలో దాచినవి కూడా 25 శాతం దెబ్బతింటాయి. అందువల్ల అదనపు కవచాన్ని సంచిలో మోయడం కన్నా ఆటలోని బ్యాంకులో ఉంచడం మేలు. మన్నిక సున్నాకు చేరిన వస్తువు ఒంటిమీద ఉన్నా లేనట్టే. మరమ్మతుకు సరిపడా బంగారాన్ని పక్కన పెట్టాకే మిగతా కొనుగోళ్లు చేయాలి.

మా కోనసీమలో ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగలమీద పడిందంటే కరెంటు పోయినట్టే. కనెక్షన్ తెగినా పాత్ర కాసేపు ఆటలోనే నిలబడి దెబ్బలు తింటుంది కాబట్టి, ఇన్వర్టర్ లైను కంప్యూటర్‌కే కాక రూటర్‌కు కూడా ఉందో లేదో ముందే చూసుకోవాలి.