అమ్మకు ఆగిన పీఎం కిసాన్ డబ్బులు ఎలా పడ్డాయంటే

అమ్మకు పీఎం కిసాన్ 2,000 వరుసగా రెండు విడతలు పడలేదు. స్టేటస్‌లో ఈకేవైసీ, భూమి వివరాలు ‘ఎస్’, ఆధార్ సీడింగ్ మాత్రం ‘నో’. మళ్లీ ఈకేవైసీ చేయించాం, మీసేవకు తిరిగాం, జిరాక్సులిచ్చాం, లాభం లేదు.

చివరికి మైఆధార్ సైట్‌లో అమ్మ ఫోన్‌కొచ్చిన ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కాను. ఎప్పుడో వదిలేసిన పాత బ్యాంకు పేరు, పక్కన ఇనాక్టివ్. ఖాతాకు ఆధార్ లింకవడం వేరు, ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ అవడం, అంటే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో అక్కడ నమోదవడం వేరు! ఇది మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు వాడే బ్యాంకుకెళ్లి, ‘డీబీటీకి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కావాలి’ అని (డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) అదే మాటతో అడిగి, సీడింగ్ ఫారంపై అమ్మ వేలిముద్ర వేయించి, రసీదు తీసుకున్నాం. నాలుగోరోజు అదే పేజీలో యాక్టివ్ అని వచ్చింది.

తర్వాతి విడత పడింది, పాతవి ఇంకా రాలేదు. మీకు భూమి వివరాల దగ్గర ‘నో’ ఉంటే మాత్రం ఇది పనిచేయకపోవచ్చు, ముందు ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి.