గదిలో పెంచిన నారును పెరట్లో నాటడం ఎలా? అమెరికాలోని తెలుగు ఇళ్ళకు తక్కువ ఖర్చు ఉపాయాలు

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చేసరికి కిటికీల దగ్గర కాగితపు కప్పులు బారులు తీరుతాయి. వంగ, మిరప, టమాటా, గోంగూర, బీర, సొర మొలకలతో ఇల్లు కళకళలాడుతుంది. నారు పెంచడం చాలామందికి బాగానే వస్తుంది కాని, ఆ నారు పెరట్లోకి వెళ్ళిన మొదటి వారంలోనే దెబ్బతింటుంది. నేను నాటిన మొదటి సంవత్సరం ఇరవైకి పైగా మిరప మొక్కలను ఒకే మధ్యాహ్నం పోగొట్టుకున్నాను. అవి చలికి గాని, నీరు చాలక గాని పోలేదు. గదిలోని వెలుతురుకు అలవాటుపడిన లేత ఆకులు ఒక్కసారిగా ఎండ తగిలి తెల్లగా మాడిపోయాయి. అంగట్లో కొనే వస్తువేదీ వాటిని కాపాడేది కాదు, వారం రోజుల ఓపిక కాపాడేది.

ముందుగా తేదీ తేల్చుకోవాలి

మనకు ఉగాదితో వసంతం మొదలవుతుంది గనుక, పండుగ వెళ్ళగానే మొక్కలు నాటేయాలని చెయ్యి ఊరుకోదు. అయితే ఆ రోజులకు న్యూజెర్సీలో రాత్రిళ్ళు ఇంకా మంచు గడ్డకడుతూనే ఉంటుంది. చివరి మంచు సగటున డాలస్ ప్రాంతంలో మార్చి మధ్యకు, న్యూజెర్సీ మధ్యభాగంలో ఏప్రిల్ చివరికి ముగుస్తుంది. షికాగో శివార్లలో మే నెల వచ్చేదాకా నమ్మకం ఉండదు. మీ జిప్ కోడ్‌తో వెతికితే మీ ఊరి తేదీ దొరుకుతుంది. అది సగటు తేదీ మాత్రమేనని, దాని తరువాత కూడా మంచు కురిసే సంవత్సరాలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

నిజానికి తేదీ కన్నా రాత్రి ఉష్ణోగ్రత ముఖ్యం. మనం పెంచే కూరగాయలన్నీ వేడి నేలలవే. రాత్రి 50 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా, అంటే 10 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పోతుంటే అవి చావకపోయినా ఎదుగుదల ఆగిపోతుంది. వంగ, మిరప మొక్కలకు 55 దాటేదాకా ఆగడం మంచిది. నేల వేడిని తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కరలేదు; వంటింట్లో వాడే పుల్ల థర్మామీటరును ఉదయం పూట నాలుగు అంగుళాల లోతుకు గుచ్చి చూస్తే చాలు. టమాటాకు 60 డిగ్రీలు, బీర, సొర, కాకర వంటి తీగలకు 70 డిగ్రీలు ఉండాలి. డాలస్‌లో ఉన్నవారు మాత్రం మరీ ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే రాత్రి వేడి 75 డిగ్రీలు దాటే రోజులు వస్తే టమాటా పూత నిలవక రాలిపోతుంది.

ఆ తరువాత మొక్కలను రాటుదేల్చాలి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పని, పైసా ఖర్చు లేని పని. గదిలో గాలి కదలదు, ఎండ అద్దంలోంచి వడకట్టుకుని వస్తుంది, అందువల్ల ఆకు పైపొర పలచగా, కాండం మెత్తగా ఉంటాయి. బయటి గాలికి, ఎండకు ఆ పొర మందం కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. మొదటి రోజు ఇంటి ఉత్తరపు నీడలోనో, డెక్ కిందనో ఒకటి రెండు గంటలు మాత్రమే ఉంచి లోపలికి తీసుకురావాలి. మూడు రోజులపాటు నీడలోనే సమయం పెంచి, నాలుగో రోజు నుంచి ఉదయపు లేత ఎండను గంటసేపు చూపించి, రోజుకు మరో గంటో రెండు గంటలో కలుపుతూ పోవాలి. చివరి రెండు రోజులు, రాత్రి వేడి 50 డిగ్రీలకు పైగా ఉంటేనే, రాత్రంతా బయట వదలాలి. ఈ వారంలో ఎరువు వేయకూడదు, పైమట్టి కాస్త ఆరిన తరువాతనే నీరు పోయాలి.

ఉద్యోగానికి వెళ్ళేవారు మధ్యాహ్నం మొక్కలను లోపలికి చేర్చలేరు. అలాంటివారు పాత దోమతెరనో, పలచని చున్నీనో రెండు కుర్చీల మధ్య కట్టి దాని కింద కప్పులు పెట్టి, రెండు రోజులకొకసారి ఆ నీడను కొంచెం కొంచెం తొలగిస్తూ పోవచ్చు. కప్పులన్నిటినీ విందుల్లో మిగిలిన అల్యూమినియం ట్రేలో సర్దుకుంటే ఒక్కసారిగా ఎత్తి పెట్టడం తేలిక. వాన నీరు నిలవకుండా ట్రే అడుగున రంధ్రాలు చేయాలి. బయటకు తీసే ముందు రెండు వారాలపాటు రోజూ అరచేతితో మొక్కల తలలను మెల్లగా నిమిరినా కాండం గట్టిపడుతుంది.

నాటే రోజు

పిడికెడు మట్టి తీసి నొక్కి చూడండి. ముద్దగా ఉండిపోతే ఇంకా తడి ఎక్కువ ఉన్నట్లు. వేలితో తాకగానే పొడిపొడిగా విడిపోతే తవ్వడానికి సిద్ధమైనట్లు. డాలస్ చుట్టుపక్కల ఉన్నది మన నల్లరేగడి జాతి నేలే, తడిసినప్పుడు ఉబ్బి ఎండినప్పుడు బీటలు వారే నేల. అక్కడ తడి మట్టిని తవ్వితే ఇటుకలా గట్టిపడుతుంది, అందుకని ఆరేదాకా ఆగాలి.

మబ్బు పట్టిన రోజైనా, సాయంత్రమైనా నాటడానికి అనువైన వేళ. రెండు గంటల ముందు కప్పులను బాగా తడిపితే వేరుమట్టి విడిపోకుండా ముద్దగా వస్తుంది. కాండం పట్టి లాగకుండా కప్పును బోర్లించి తట్టాలి. టమాటా కాండం నుంచి కూడా వేళ్ళు పుడతాయి గనుక, వెలుతురు చాలక పొడుగ్గా సాగిన మొక్కను కింది ఆకులు తుంచి, పై ఆకుల దాకా లోతుగా పాతవచ్చు. వంగ, మిరప మొక్కలను ఇలా లోతుగా దించకుండా, కప్పులో ఉన్న మట్టం వరకే నాటాలి. బీర, సొర, కాకర తీగలు వేరు కదిలితే ఓర్చుకోవు, కాబట్టి వాటిని రెండు మూడు ఆకుల దశలోనే, కాగితపు కప్పును చుట్టూ కోసి తీసేసి మట్టితో సహా దించాలి. పందిరి గుంజలు కూడా అదే రోజు పాతడం మేలు; తరువాత పాతితే వేళ్ళు తెగుతాయి. నాటగానే మొదలు చుట్టూ నిండుగా నీరు పోయాలి.

కరివేపాకును మాత్రం ఉత్తరాది రాష్ట్రాలలో నేలలో పెట్టవద్దు. అది కుండీలోనే ఉండి, చలికాలానికి మళ్ళీ ఇంట్లోకి రావలసిన మొక్క.

ఇంట్లో ఉన్నవాటితోనే రక్షణ

గాలన్ పాల డబ్బా అడుగు కోసి మొక్క మీద బోర్లిస్తే అది చిన్న అద్దాల గదిలా పనిచేస్తుంది. పగలు మూత తీయకపోతే లోపల మొక్క ఉడికిపోతుంది, అందుచేత ఉదయం లేవగానే మూత తీయడం మరచిపోకూడదు. చలిగాలుల హెచ్చరిక వచ్చిన రాత్రి పాత దుప్పటిని గుంజల మీదుగా, నేలను తాకేటట్లు కప్పాలి, ఎందుకంటే మొక్కను కాపాడేది నేలలోంచి పైకి వచ్చే వెచ్చదనమే. ప్లాస్టిక్ పట్టా ఆకులకు అంటుకుంటే అంటిన చోటల్లా మాడుతుంది. థర్మామీటరు 36 డిగ్రీల ఫారన్‌హీట్ చూపుతున్నా, గాలి లేని తేటరాత్రి ఆకుల మీద మంచు పేరుకోగలదు; అలాంటి సాయంత్రం నేల తడిపి ఉంచితే కొంత వేడి నిలుస్తుంది.

డాలర్ అంగళ్ళలో దొరికే రంధ్రాల ప్లాస్టిక్ బుట్టను బోర్లించి రాయి పెడితే కుందేళ్ళ బెడద తప్పుతుంది, మొదటి మూడు రోజులూ కావలసిన నీడా దొరుకుతుంది. ఒక్క వస్తువు కొనాలంటే నేను దీనినే కొంటాను. తెల్లవారేసరికి మొక్క మొదలు కొరికి పడేసి ఉంటే అది మట్టిలో దాగే పురుగు పని. అడుగు తీసేసిన కాగితపు కప్పును కాండం చుట్టూ ఒక అంగుళం మట్టిలోకి గుచ్చి, రెండు అంగుళాలు పైకి ఉంచితే ఆ పురుగు మొక్కను చేరలేదు.

నాటిన తరువాత

మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి తేరుకునే మొక్కకు మళ్ళీ మళ్ళీ నీరు పోయకూడదు; వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. ఉదయం కూడా వాలి ఉంటేనే నీరు కావాలని అర్థం. టమాటా ఆకుల అడుగు ఊదారంగుకు తిరిగితే భయపడనవసరం లేదు, చల్లని నేలలో వేరు భాస్వరాన్ని అందుకోలేకపోవడం వల్ల అలా అవుతుంది, నేల వేడెక్కితే పోతుంది. ఎండుటాకులు, గడ్డి కప్పడం కూడా నేల వేడెక్కిన తరువాతే చేయాలి. కలుపు మందు చల్లిన లాన్ గడ్డిని మాత్రం ఎప్పుడూ వాడవద్దు. కొత్త చివురు కనిపించేదాకా, అంటే దాదాపు రెండు వారాలు ఆగి, డబ్బా మీద రాసిన మోతాదులో సగమే ఎరువుగా ఇవ్వాలి.

అన్ని మొక్కలనూ ఒకే రోజు నాటకుండా, రకానికి రెండేసి చొప్పున కప్పుల్లోనే మరో పది రోజులు ఉంచుకోండి. పోయిన మొక్క స్థానంలో పెట్టడానికి అవి పనికివస్తాయి. అన్నీ బతికితే పక్కింటి తెలుగువారికి ఇవ్వవచ్చు.