ఇంటి కుట్టుపని, మూడవ పాఠం: మామూలు దుప్పటికి మూలలు కుట్టి పరుపుకు తొడగడం

గత రెండు పాఠాలలో మిషనుపై తిన్నగా కుట్టడం, అంచు రెండుసార్లు మడిచి కుట్టడం నేర్చుకున్నాం. ఆ రెండూ చేతికి వచ్చినవారు ఇంట్లో ఉన్న మామూలు నూలు దుప్పటిని పరుపు నాలుగు మూలలకూ బిగిసి నిలిచే ఎలాస్టిక్ దుప్పటిగా మార్చుకోవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ఒకప్పుడు ఎక్కువగా బూరుగు దూది పరుపులే ఉండేవి. అవి పలుచగా ఉండేవి కనుక దుప్పటి అంచును కిందికి దోపితే తెల్లవార్లూ అలాగే ఉండేది. ఇప్పుడు 5, 6 అంగుళాల మందం గల కొబ్బరిపీచు పరుపులు, ఫోము పరుపులు వచ్చాక, పెట్టెలలో భద్రంగా ఉన్న ఆ పాత దుప్పట్లే అంచులు చాలక అర్ధరాత్రికి నడుమకు చేరి ముద్దవుతున్నాయి. మంచం పట్టిన పెద్దవారు ఉన్న ఇంట్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. కదలలేని మనిషి వీపు కింద ముడత పడిన బట్ట చర్మాన్ని ఒరుసుకుని పుండు పడడానికి కారణమవుతుంది. అటువంటి మంచానికే ముందుగా ఈ దుప్పటి కుట్టమని నా కోరిక.

కత్తెర పట్టే ముందు కొత్త దుప్పటినైతే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 పాళ్ల వరకు కుదించుకుపోవచ్చు. అంటే 90 అంగుళాల దుప్పటి మూడు నాలుగు అంగుళాలు తగ్గే అవకాశం ఉంది. కుట్టిన తరువాత ఆ మూడు అంగుళాలు పోతే మూల పరుపుకు ఎక్కదు.

కొలత తీసుకోవలసింది పరుపు నుంచి, దుప్పటి నుంచి కాదు. దుకాణంలో చెప్పిన సైజును నమ్మకుండా టేపుతో పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచి కాగితంపై రాసుకోండి. ఉదాహరణకు పరుపు పొడవు 72, వెడల్పు 48, మందం 5 అంగుళాలు అనుకుందాం. ఒక్కో పక్కకు మందం 5, పరుపు కిందికి వెళ్లడానికి 3, ఎలాస్టిక్ మడతకు 1, మొత్తం 9 అంగుళాలు కావాలి. రెండు పక్కలకు 18 కలిపితే బట్ట 90 పొడవు, 66 వెడల్పు ఉండాలి. 90 × 100 అంగుళాల డబుల్ దుప్పటి ఉతికి కుదించుకుపోయిన తరువాత కూడా, 100 అంగుళాల వైపును పొడవుకు పెట్టుకుంటే ఇది హాయిగా వస్తుంది. 60 × 90 సింగిల్ దుప్పటి వెడల్పు చాలదు కనుక రెండు పక్కలా పట్టీలు అతకాలి. ఆ అతుకు పరుపు పైభాగంలో పడకుండా పక్కకు దిగేలా చూసుకోండి. ఒంటికి తగిలే చోట అతుకు గట్టు గుచ్చుకుంటుంది.

బట్టను సుద్దగీత మీద కత్తిరించడం కంటే, అంచున చిన్న గాటు పెట్టి చేతులతో చింపడం నాకు ఎక్కువ నమ్మకం. సాదా నేత నూలు బట్ట పోగు వెంబడే చిరుగుతుంది కాబట్టి వంకర రాదు. పోగు వెంబడి కాక ఏటవాలుగా కోసిన దుప్పటి ఎంత బాగా కుట్టినా ఒక మూలకు లాగుతూనే ఉంటుంది.

ఇక ఈ పాఠానికి ప్రాణం మూల. నాలుగు మూలలలోనూ చదరపు ముక్క కోసి తీయాలి. పక్కకు 9 అంగుళాలు వదిలాం గదా అని 9 అంగుళాల చదరం కోయకూడదు. కుట్టులోకి అర అంగుళం పోతుంది కనుక చదరం భుజం 8½ అంగుళాలే ఉండాలి. ఆ అర అంగుళం మరిచిపోతే నాలుగు మూలలా బిగుతు ఎక్కువై, దుప్పటి పరుపును పైకి వంచేస్తుంది.

కోసిన రెండు అంచులను, బట్ట మంచి వైపు బయటికి ఉండేలా, ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చండి. బట్ట మూలకు ఐమూలగా మడతపడుతుంది. అంచు నుంచి పావు అంగుళంలో, కింది నుంచి మొదలుపెట్టి కోత ముగిసిన చోటు దాటి మడత వరకు కుట్టండి. కుట్టు బయట మిగిలిన బట్టను సగానికి కత్తిరించి, మూలను తిరగేసి, గోటితో అతుకును గట్టిగా నొక్కి, ఈసారి లోపలి వైపు నుంచి మళ్లీ పావు అంగుళంలో కుట్టండి. పీచు లేచే అంచు రెండు కుట్ల నడుమ మూతపడిపోతుంది. పొందూరు ఖద్దరు వంటి చేనేత బట్ట అయితే పోగులు తొందరగా ఊడతాయి కనుక ఈ రెండో కుట్టును మానవద్దు. మిషనుకు 14 నంబరు సూది చాలు. మడతలు కలిసే మందపు చోట చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కొక్క కుట్టుగా దాటించండి.

తరువాత చుట్టూ అంచును ముందు పావు, ఆపై ముప్పావు అంగుళం మడిచి కుట్టాలి. ప్రతి మూల కుట్టు నుంచి అటూ ఇటూ 12 అంగుళాల దూరంలో రెండేసి వేళ్లు పట్టేంత సందు వదలండి. అర అంగుళం వెడల్పు ఎలాస్టిక్ ఒకటిన్నర మీటరు కొంటే నాలుగు మూలలకూ సరిపోతుంది. మూలకు 13 అంగుళాల చొప్పున కోసి, లంగాకు బొందు ఎక్కించినట్టే పిన్నీసు సాయంతో ఒక సందులోంచి దూర్చి మరో సందులోంచి తీయండి. ఎలాస్టిక్ కొన రెండో సందును చేరకముందే మొదటి కొనను నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ కుట్టి బిగించాలి. లేకపోతే లాగినప్పుడు మొత్తం లోపలికి జారిపోతుంది. రెండో కొన కూడా అలాగే బిగించి సందులు మూసేయండి.

పరుపుకు తొడిగేటప్పుడు ఎదురెదురు మూలలు ముందు, మిగిలిన రెండూ తరువాత ఎక్కించండి. ఉతికాక తిరగేసి నీడలో ఆరవేస్తే ఎలాస్టిక్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఎండ వేడికి అది పట్టు కోల్పోతుంది.

పక్క నుంచి మిగిలిన పొడవాటి ముక్క పారేయకండి. దాదాపు 20 అంగుళాల వెడల్పుతో మిగిలే ఆ బట్టలోంచి 17 × 27 అంగుళాల దిండుకు, బొత్తాలు లేకుండా మడతలోనే మూసుకునే గలీబు ఒకటి వస్తుంది. వచ్చే పాఠానికి ఆ ముక్కను ఉతికి, ఇస్త్రీ చేసి, మీ దిండు కొలతలు రాసుకుని సిద్ధంగా ఉంచండి.