చెరువు కట్ట క్షేమంగా ఉందో లేదో చూసుకోవడం ఎలా?

సాయంత్రం వేళ నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట ఎక్కినా, మహబూబ్‌నగర్ పెద్దచెరువు మినీ ట్యాంక్‌బండ్ మీద నడిచినా అందరి ముఖాలూ నీటివైపే ఉంటాయి. తప్పేమీ కాదు, నీళ్లు చూడటానికే కదా వచ్చింది. కానీ కట్ట సంగతి తెలిసేది వీపు వెనక, పొలాలు ఉన్న వైపున.

నేను చెప్పబోయేది అంత పెద్ద జలాశయాల గురించి కాదు. ఐదారు మీటర్ల మట్టికట్ట, పొలాలకు నీళ్లు వదిలే ఒక తూము, నిండాక మిగులు నీరు పొర్లిపోయే ఒక మత్తడి (అలుగు), కట్ట మీద కట్టమైసమ్మ గుడి, ఈమధ్య వేసిన నాలుగు బెంచీలు, బతుకమ్మ మెట్లు. దక్షిణ తెలంగాణలో ఊరూరా ఉండే చెరువే. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టడాలకు, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి వర్తిస్తుంది. మన ఊరి చెరువు ఆ లెక్కలోకి రాదు. ఒకప్పుడు తూము తీసి మూయడం, మడులకు నీళ్లు పంచడం, వానరాత్రి కట్టను కనిపెట్టుకుని ఉండటం నీరటి పని. ఇప్పుడు చాలా ఊళ్లలో నీరటి లేడు. రోజూ కట్ట మీద నడిచేవాళ్లే ఆ పని కొంత అందుకోవాలి.

ఎప్పుడు, ఏం పట్టుకుని వెళ్లాలి

ఏడాదిలో మూడు సందర్భాలు తప్పనిసరి: మే నెలాఖరున చెరువు అడుగంటినప్పుడు, నిండిన మొదటి వారంలో, మత్తడి దూకుతున్న రోజుల్లో. నిండుగా ఉన్నంతకాలం వారానికోసారి వెళ్తే ఇంకా మంచిది. వానలు వెనక్కి తగ్గాయి కదా అని మానేయకండి. వనపర్తి జిల్లా సరళాసాగర్ మట్టికట్టకు గండి పడింది వానాకాలంలో కాదు, 2019 డిసెంబర్ 31న.

పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలో కట్ట మీది చిన్న గుంట కూడా నీడ పడి కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే చోట అంతా చదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది. చేతికర్ర, కొలిచే టేపు, నోటుబుక్కు, ఒక గాజు సీసా కావాలి. ఒంటరిగా వద్దు, తోడుండాలి. గడ్డిలోకి అడుగు పెట్టేముందు కర్రతో తట్టాలి, పాములుంటాయి.

అడుగు నుంచి మొదలుపెట్టండి

మొదట దిగాల్సింది పొలాలవైపు కట్ట అడుగుకు. ఈ కొన నుంచి ఆ కొనదాకా నడిచి, తిరుగు దారిలో వాలు మధ్యగా, ఆ తరవాత పైన, చివరగా నీటివైపు నడవండి. చుట్టూ గడ్డి మాడిపోయిన మే నెలలో ఒక్కచోట పచ్చగా ఉందా? పొడిగా ఉండాల్సిన వైపు తుంగ, జమ్ము మొలిచాయా? కాలు కింద నేల మెత్తగా దిగబడుతోందా? ఆ చోటు గుర్తుపెట్టి రాసుకోండి. తూము బయటికి వచ్చే చోట కాసేపు ఆగండి. మట్టి, రాయి కలిసే అతుకు వెంట నీరు దారి వెతుక్కుంటుంది. ఊటలు ఎక్కువగా కనిపించేది అక్కడే.

మట్టికట్ట అన్నాక కొంత ఊట సహజం. ఎంత వస్తోంది అనేదాని కన్నా, ఏం తీసుకొస్తోంది అనేది ముఖ్యం. అందుకే గాజు సీసా. ఊట నీరు పట్టి, అరగంట కదపకుండా ఉంచి, ఎండకు ఎత్తి చూడాలి. మా ఊరి తూము పక్కన ఒక ఊట ఉండేది. తాతల నాటి నుంచీ ఉంది, ఏమీ కాదు అనేవారు. ఒక సెప్టెంబరులో వరసగా పట్టి చూశాం. మొదటి వారం సీసా అడుగున ఏమీ లేదు. రెండో వారం మసకగా ఒక పొర. మూడో వారం గోరు మందాన ఎర్రమట్టి పేరుకుంది. లీటరు సీసా నిండటానికి మొదట్లో రెండు నిమిషాలు పట్టేది, అప్పటికి నలభై సెకన్లలో నిండిపోతోంది. తాతల నాటి ఊట అది కాదన్నమాట. సీసా చూపించాకే ఇంజినీరు వచ్చి చెరువు నీరు కొంత దించి, తూము చుట్టూ తవ్వించి మళ్లీ మట్టి దిమ్మిస కొట్టించారు.

మట్టి తెస్తున్న నీరంటే కట్టలో సొరంగం తయారవుతోందని అర్థం. అది బయటి కొన దగ్గర మొదలై లోపలికి, నీటివైపుకు పాకుతుంది. చెరువు నీటిని అందుకున్న క్షణాన గండి పడుతుంది.

ఇలాంటి బుంగ కనబడితే చాలామంది చేసే మొదటి పని బంకమట్టి తెచ్చి నోరు మూయడం. అది చేయకూడదు. లోపల ఒత్తిడి పెరిగి నీరు మరోచోట పొడుచుకొస్తుంది. నీటిని ఆపకుండా మట్టిని మాత్రమే ఆపాలి: ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చితే లోపల నీరు కొద్దిగా నిలిచి ఉధృతి తగ్గుతుంది. ఈ లోపు ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఫోను వెళ్లాలి. తూము తీసి నీరు దించేటప్పుడు కూడా నిదానం అవసరం. ఒక్కసారిగా దించితే నానిన లోపలి వాలు జారిపోతుంది.

కట్ట పైన

కట్ట పొడవునా పడే పగులు వాలు జారబోతోందని చెబుతుంది. అడ్డంగా, నీటి నుంచి పొలాలకు పడే పగులు అంతకన్నా చెడ్డది, నీటికి నేరుగా దారి. నల్లరేగడి కట్టలైతే ఎండాకాలం ఎటూ నెర్రెలిస్తాయి. వానలు పడ్డాక కూడా పూడకపోతే అనుమానించాలి. కొలిచి, తేదీ వేసి, రెండు కొనల దగ్గరా మేకులు కొట్టి ఉంచండి.

కట్ట ఎత్తు సగటు ఎంతని కాదు, అన్నిటికన్నా కుంగిన చోటు ఎంతుందో తెలియాలి. పొంగిన నీరు ముందు పొర్లేది అక్కడే. చెరువు సరిగ్గా మత్తడి అంచును తాకి నిలిచిన రోజు మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు (నీళ్లు నింపి మట్టం చూసే పారదర్శక గొట్టం) అడిగి తెచ్చుకోండి. నీటి అంచున ఒక కర్ర పాతి, పైపు ఒక కొన దానికి, రెండోది కట్ట పైభాగానికి పెట్టి మట్టం గుర్తించాలి. ఆ గుర్తు నుంచి చెరువు నీటిదాకా కర్ర మీద టేపుతో కొలిస్తే అక్కడ ఎంత ఎడం ఉందో తెలిసిపోతుంది. పది చోట్ల కొలవండి. బండ్లు దిగే చోట, పశువులు ఎక్కే చోట తేడా తప్పకుండా కనిపిస్తుంది.

మత్తడి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఇంకొంచెం నీరు నిలవాలని రైతులు మత్తడి మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. చేపలు పోకుండా మత్స్యకారులు వల కడతారు. ఆ వలకు తుమ్మకంప, ప్లాస్టిక్, నిమజ్జనమైన వినాయకుల కట్టెలు వచ్చి చుట్టుకుంటాయి. అడుగు ఎత్తు బస్తాలంటే కట్టకున్న రక్షణలో అడుగు పోయినట్టే. ఇద్దరి కష్టమూ న్యాయమైనదే. అందుకే వానలకు ముందే పంచాయతీలో కూర్చోబెట్టి ఒప్పించాలి, వరద రోజున గొడవ పడి లాభం లేదు.

చెట్లు, బొరియలు

సర్కారు తుమ్మ చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకి, గుంతలో మట్టి పొరలుపొరలుగా నింపి దిమ్మిస కొట్టాలి. మహావృక్షమైతే మొదలు నరికి వదిలేయకండి. వేళ్లు లోపల కుళ్లి, నీటికి గొట్టాలవుతాయి. ఇంజినీరును అడిగే ముట్టుకోవాలి. పందికొక్కులు, ఎండ్రకాయలు తవ్విన బొరియలనూ అలాగే పొరలుపొరలుగా మట్టి నింపి దిమ్మిస కొట్టాలి.

అందం కోసం చేసే పనులు

నా ఫిర్యాదంతా ఇక్కడే. బెంచీకి, దీపస్తంభానికి పునాది తవ్వుతారు. కేబులు కోసం కట్టను అడ్డంగా కోసి, మట్టి వదులుగా పోసి వెళ్లిపోతారు. బయటి వాలు మీద పచ్చిక పెంచి రోజూ నీళ్లు చల్లుతారు. ఇక ఊట ఏదో, తోటమాలి పైపు ఏదో ఎవరు చెప్పగలరు? వాలు మీద సొంతంగా మొలిచిన గడ్డి చాలు, కోసి పొట్టిగా ఉంచితే సరి. బయటి అడుగున మొరం తవ్వుతున్నా, ఇటుకబట్టీకి మట్టి ఎత్తుతున్నా వెంటనే తహసీల్దారుకు రాతపూర్వకంగా చెప్పండి.

ఈతకు దిగే పిల్లల విషయంలో ఒక్క మాట. పూడిక తీసిన చెరువులో అడుగు సమంగా ఉండదు. మోకాలి లోతు నీళ్ల పక్కనే జేసీబీ తవ్విన నిలువు గుంత ఉంటుంది. నీళ్లు లేనప్పుడు ఫొటోలు తీసి గుంతలు గుర్తించి, అక్కడ బోర్డు పెట్టించండి. తూము నోటి దగ్గర, పాచి పట్టిన మత్తడి మీద ఎవరినీ నిలబడనివ్వొద్దు. బతుకమ్మ మెట్ల దగ్గర ముందే తాడు కట్టాలి.

గండి పడేలా ఉంటే

బుంగ నీరు బురదగా మారి పెరుగుతున్నా, నీటివైపు కట్టకు ఆనుకుని సుడి కనిపించినా, కట్ట పైభాగం కుంగుతున్నా, ముందు దిగువ ఇళ్లవాళ్లను, పశువులను ఎత్తైన చోటికి తరలించండి. ఒకరు ఆ పనిలో ఉంటే మరొకరు 112కు, తహసీల్దారుకు, ఏఈకి ఫోను చేయాలి. కట్ట మీద నిలబడి వీడియో తీయొద్దు. నీరు వదిలేద్దామని మీరే కట్టను కోయొద్దు, పారతో తీసిన కాలువను ప్రవాహం నిమిషాల్లో గండిగా మారుస్తుంది. మనవి గొలుసుకట్టు చెరువులు, మీ చెరువు తెగితే ఆ నీళ్లు దిగువ ఊరి చెరువులో పడతాయి. ఎగువ ఊరిలో, దిగువ ఊరిలో ఒక్కొక్కరి నంబరైనా మీ దగ్గర ఉండాలి. ఆ నంబర్లు ఫోనులో ఉంటే సరిపోదు. వానరాత్రి కరెంటు పోయి, ఛార్జింగ్ అయిపోయినప్పుడు కూడా కనిపించేలా పంచాయతీ గోడ మీద, కట్టమైసమ్మ గుడి పక్కన, టార్చి వెలుగులో చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయించండి.