డెస్క్‌టాప్‌కు కరెంటు అందనప్పుడు: గోడ సాకెట్ నుంచి మదర్‌బోర్డు దాకా

బటన్ నొక్కినా డెస్క్‌టాప్ కదలకపోవడం, నొక్కగానే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోవడం, పని మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోవడం: ఈ మూడింటిలో ఏది ఎదురైనా చాలామంది ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చే పవర్ సప్లై డబ్బా) పోయిందని తేల్చేసుకుని చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు బయలుదేరతారు. కానీ ఈ మూడు లక్షణాలూ ఒకే చోటి నుంచి పుట్టవు. గోడలోని 230 వోల్టుల కరెంటు స్విచ్‌బోర్డు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, యూపీఎస్, పవర్ కార్డు దాటుకుని ఎస్‌ఎంపీఎస్‌ను చేరి, అక్కడ 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారి మదర్‌బోర్డుకు అందుతుంది. బయటి నుంచి లోపలికి ఈ దారినే వరుసగా పరీక్షించుకుంటూ వెళితే, కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు పెట్టకముందే తప్పు ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది.

మొదట భద్రత గురించి చెప్పాలి. క్యాబినెట్ తెరవడానికి ముందు గోడ స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైబడిన డీసీ నిలిచి ఉంటుంది, ప్లగ్ తీసేసిన తరువాత కూడా అది కొంతసేపు పోదు. డబ్బా లోపల ఇంట్లో కూర్చుని బాగుచేయదగిన భాగం ఏదీ లేదు. ఫ్యాను దుమ్మును బయటి నుంచే ఊదించుకోవచ్చు.

గోడ దగ్గర మొదలుపెడదాం. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పనిచేసినంత మాత్రాన సాకెట్ బాగున్నట్టు కాదు, ఎందుకంటే చార్జర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. లోపల వదులైన స్క్రూ ఆ కొద్ది కరెంటును పంపి, కంప్యూటర్ అడిగినప్పుడు పంపలేకపోవచ్చు. ఇస్త్రీ పెట్టె పెట్టి చూడడం మెరుగైన పరీక్ష. తరువాత ఎక్స్‌టెన్షన్ బాక్సును, యూపీఎస్‌ను పక్కన పెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు తగిలించండి. పవర్ కార్డును మార్చి చూడండి. మానిటర్ కార్డు సాధారణంగా అదే రకం కనుక వేరేది కొనవలసిన పని లేదు. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్ సున్నా వైపు కాక గీత వైపు ఉందో లేదో కూడా చూడండి, ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది పడిపోవడం అరుదేమీ కాదు.

ఎర్తింగ్ విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే మన ఇళ్లలో అతి తక్కువ పట్టించుకునేది ఇదే. క్యాబినెట్ ఇనుప భాగాన్ని, లేదా వెనుక యూఎస్‌బీ పోర్టు అంచును తాకినప్పుడు వేలికి సన్నగా జిల్లుమంటే, ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని అనుకోకండి. ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనుప చట్రానికి కలిపి ఉండే చిన్న కెపాసిటర్లు దాదాపు ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ ఉంటాయి. విద్యుత్ రొదను అడ్డుకోవడమే వాటి పని. ఎర్త్ తీగ సరిగా ఉంటే వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే చట్రం మొత్తం సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు పరిమాణం చిన్నదే గనుక అది జిల్లుమనడంతోనే ఆగుతుంది కానీ, ఎస్‌ఎంపీఎస్‌లో ఇన్సులేషన్ నిజంగా చెడిన రోజున ఆ ఇంటివారిని కాపాడడానికి ఏమీ మిగలదు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి కొలిచినప్పుడు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే రావాలి. గోడ సాకెట్‌లో కొలవడం అలవాటు లేనివారు ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. పాత మైలాపూరు, ట్రిప్లికేన్ ఇళ్లలో అద్దెకు ఉన్నవారు ఇంటి యజమానితో మాట్లాడి ఎర్త్ తీగ వేయించుకోవడం సంకోచపడవలసిన కోరిక కాదు. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడడం మాత్రం ఈరోజే మానేయాలి.

గోడ బాగుందని తేలితే క్యాబినెట్ తెరిచి మదర్‌బోర్డును చూడండి. చాలా బోర్డుల మీద, కంప్యూటర్ ఆపి ఉన్నా, ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు ఒక చిన్న దీపం వెలుగుతుంది. అది వెలుగుతుంటే ఎస్‌ఎంపీఎస్ పంపే 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా అందుతున్నట్టే. అప్పుడు అనుమానం పవర్ బటన్ మీదకు మళ్లాలి. ప్లగ్ తీసి, పవర్ బటన్ తీగను బోర్డు పిన్నుల నుంచి ఊడదీసి, రీసెట్ బటన్ తీగను ఆ పిన్నులకు తగిలించి, మళ్లీ ప్లగ్ పెట్టి రీసెట్ నొక్కండి. కంప్యూటర్ లేస్తే పోయింది బటన్ మాత్రమే.

ఇక ఎస్‌ఎంపీఎస్‌నే విడిగా పరీక్షించడం. ప్లగ్ తీసి, మదర్‌బోర్డు, డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు తీగలన్నీ ఊడదీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ పక్కనున్న నల్ల తీగ రంధ్రాన్నీ, మధ్య భాగంలో ప్లాస్టిక్ తొడుగున్న చిన్న తీగ ముక్కతో కలపండి. ఏదైనా పాత హార్డ్ డిస్క్ తగిలించి కొంచెం భారం (కరెంటు లాగే లోడ్) ఇవ్వండి. తరువాత ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. తీగలన్నీ నల్లగా ఉండే కొత్త రకాల్లో మదర్‌బోర్డు పుస్తకంలోని పిన్నుల బొమ్మను అనుసరించాలి. ఇక్కడ రెండు పొరపాటు తీర్పులకు అవకాశం ఉంది. ఫ్యాను తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. భారం తక్కువగా ఉన్నప్పుడు ఫ్యానును ఆపి ఉంచే రకాలు ఉన్నాయి కనుక తిరగకపోయినంత మాత్రాన చచ్చినట్టూ కాదు. అందుకే మల్టీమీటర్‌తో డీసీ వోల్టులు కొలవాలి. నల్ల తీగతో పోల్చి చూసినప్పుడు పసుపు తీగ 11.40 నుంచి 12.60, ఎరుపు తీగ 4.75 నుంచి 5.25, నారింజ తీగ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఊదారంగు తీగ మాత్రం కలిపే ముక్క లేకుండానే, ప్లగ్ పెట్టగానే 5 వోల్టులు చూపాలి. అది లేకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే, ఇక మిగతా పరీక్షలు అక్కరలేదు.

ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయే లక్షణం చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ తప్పు కాదు, అది తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. ఎక్కడో షార్ట్ ఉన్నప్పుడు అది తనను తాను మూసుకుంటుంది, గోడ స్విచ్ ఆపి కాసేపు ఆగితే గాని మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ముందుగా బయటి యూఎస్‌బీ వస్తువులన్నీ తీసేసి, క్యాబినెట్ ముందరి యూఎస్‌బీ పోర్టులో నాలుక విరిగి పిన్నులు ఒకదానికొకటి అంటుకున్నాయేమో టార్చ్ వేసి చూడండి. పిల్లలున్న ఇళ్లలో ఇది తరచు దొరికే కారణం. తరువాత గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు తీసి, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి చూడండి. అప్పటికీ ఆగిపోతే మదర్‌బోర్డును బయటకు తీసి అట్టముక్క మీద పెట్టి నడపండి. అక్కడ నడిస్తే బోర్డు అడుగున అక్కరలేని చోట మిగిలిపోయిన ఇత్తడి స్టాండ్ తగులుతోందని అర్థం.

పని మధ్యలో ఆరిపోవడం వీటన్నిటికంటే చిక్కైనది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపించగానే ఎస్‌ఎంపీఎస్ దోషం రుజువైందని అనుకోవద్దు. సక్రమంగా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ ఆగిందని మాత్రమే ఆ నమోదు చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు పని ఎక్కువైన క్షణంలోనే ఆరిపోతుంటే 12 వోల్టుల సరఫరా చాలడం లేదన్న అనుమానం బలపడుతుంది. ఎస్‌ఎంపీఎస్ మీది పెద్ద అంకె కాక, లేబుల్‌లో 12 వోల్టుల కింద రాసిన ఆంపియర్లు చదవండి. 450 వాట్లని రాసి ఉన్నా 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే అసలు శక్తి 216 వాట్లే; ఒక్క ఆర్‌టీఎక్స్ 3060 కార్డే 170 వాట్లు తీసుకుంటుంది, దానికి తయారీదారు సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్.

ఆరిపోవడం ఏసీ కంప్రెసర్ మొదలైనప్పుడో, అపార్ట్‌మెంట్ బోరు మోటారు వేసినప్పుడో జరుగుతుంటే వోల్టేజీ క్షణంపాటు జారుతోందని అర్థం. మే నెల ఎండల్లో చెన్నైలో ఇది మరీ ఎక్కువ. లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉన్న ఎస్‌ఎంపీఎస్ చిన్న జారుడును తట్టుకుంటుంది. కరెంటు పూర్తిగా తెగితే మాత్రం అది సుమారు 16 మిల్లీసెకన్లే నిలబెట్టగలదు, అంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృత్తి కూడా కాదు. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంత వేగంగా మారకపోవచ్చు కనుక దాని వెనుక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌కు మార్చండి. చవకరకం యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు తరంగంతో కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లే పొసగవు. కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ ఆరిపోతుంటే, గోడ కరెంటులాగే నున్నని తరంగాన్ని ఇచ్చే సైన్ వేవ్ యూపీఎస్‌తో పరీక్షించకుండా ఎస్‌ఎంపీఎస్‌ను మార్చడం వృథా ఖర్చు.

తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో కనెక్టర్ల పిన్నుల మీద పచ్చని మకిలి పట్టి ఉండవచ్చు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి గట్టిగా బిగించండి. 2015, 2023 డిసెంబరు వరదల్లాగా నేల మీది క్యాబినెట్ నీట మునిగితే, ఎస్‌ఎంపీఎస్‌ను ఎండబెట్టి వాడే ప్రయత్నమే చేయవద్దు.

మార్చక తప్పదని తేలితే 80 ప్లస్ గుర్తొక్కటే చూసి కొనకండి, అది కరెంటును ఎంత తక్కువ వృథాతో మారుస్తుందో చెబుతుంది గాని భద్రతకు హామీ ఇవ్వదు. ఐదేళ్లకు తగ్గని వారంటీ, 12 వోల్టుల ఆంపియర్లు, షార్ట్ నుంచీ అధిక భారం నుంచీ రక్షణలు ఉన్నాయా అన్నది చూడండి. కేబుళ్లు విడిగా వచ్చే రకమైతే పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి తగిలించవద్దు. అవి రంధ్రాల్లో సరిగ్గా కూర్చున్నా లోపలి తీగల వరుస ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళితే హార్డ్ డిస్కులు, వాటిలోని ఫొటోలతో సహా, ఒక్క క్షణంలో పోతాయి.