కాల్డెకాట్ దారిలో ఒక గుర్రాల సంత: మట్టి రిలీఫ్ చేసే పద్ధతి

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్ అనగానే పిల్లల బొమ్మల పుస్తకాలే గుర్తొస్తాయి. అమెరికాలో ఏటా ఇచ్చే కాల్డెకాట్ మెడల్ కూడా ఆ బొమ్మల వల్ల వచ్చిన గౌరవమే. నాకు మాత్రం ఆయన మట్టిపని ఇంకా ఇష్టం. పారిస్‌లో తిరుగుబాటుదారులు కొన్నాళ్లు నడిపిన ప్రభుత్వం, పారిస్ కమ్యూన్, కూలాక 1871లో లండన్ చేరిన ఫ్రెంచ్ శిల్పి జూల్ దాలూ దగ్గర ఆయన ఈ పని నేర్చుకున్నాడు. డబ్బుతో పనిలేని ఒప్పందం అది: కాల్డెకాట్ ఇంగ్లీషులో సాయం చేస్తే దాలూ మట్టిపని చెప్పేవాడు. 1874లో ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ పల్లెలు తిరిగొచ్చాక, 1876లో 'బ్రిటనీలో గుర్రాల సంత' అనే లోహపు రిలీఫ్‌ను, అంటే పలక మీంచి ఉబ్బెత్తుగా లేచే శిల్పాన్ని, ప్రదర్శనలో పెట్టాడు. బొమ్మలు గీయడం వచ్చి, శిల్పం అంటే భయపడే వాళ్లకి నేను ఈ దారే చెబుతాను.

ముందు కాగితం మీద గీయండి. గుర్రం, కళ్లెం పట్టుకుని దాని పక్కన పరిగెత్తే మనిషి, వెనక వెడల్పు అంచు టోపీ, చెక్కబూట్లు వేసుకుని బేరం ఆలోచిస్తున్న రైతు. అంతకంటే వద్దు. వదిలేయడాన్ని కాల్డెకాట్ ఒక శాస్త్రంలాగే చూసేవాడు. మట్టిలో అది ఇంకా అవసరం, ఎందుకంటే ప్రతి చిన్న మడతకీ ఒక నీడ పడుతుంది, నీడలు ఎక్కువైతే గుర్రమే కనబడదు.

అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు ప్లైవుడ్‌కి లక్క పాలిష్ పట్టించండి, లేకపోతే మట్టిలోని తడి లాగేస్తుంది. చిన్న మేకులు సగం దిగేలా కొట్టి, వాటికి రాగితీగ చుట్టండి. దాని మీద రాళ్లు లేని బంకమట్టిని అంగుళం మందాన పరిచి, చెక్కతో చదును చేయండి. బొమ్మను పైన పెట్టి, గీతల వెంట సూదితో గుచ్చితే అచ్చు దిగుతుంది.

ఇప్పుడు అసలు పని. నిజం గుర్రానికి రెండడుగుల పైనే మందం ఉంటుంది. మనకు ఉన్నది 12 మిల్లీమీటర్లు. ఏది ముందు, ఏది వెనక అన్న వరస చెడకూడదు, మందాన్ని మాత్రం అణిచేయాలి. మన వైపు ఉన్న భుజం, పిరుదు 12 దగ్గర ఉంచండి. పొట్ట 9, మెడ 8. అవతలి కాళ్లు 2, 3 మిల్లీమీటర్లకి మించొద్దు. వెనకున్న రైతు 5. ఇంకా దూరాన జనం ఉన్నారని చెప్పాలంటే రెండు టోపీల గీతలు మట్టిలోకి గీస్తే చాలు. అగ్గిపుల్ల మీద ఈ కొలతలు గీసి, గుచ్చి చూసుకుంటూ ఉండండి. కంటిని నమ్మితే తల ఎత్తు పెరిగిపోతుంది, అందరికీ మొహం మీదే మమకారం.

మట్టిని చిన్న చిన్న ఉండలుగా అద్దుతూ బొటనవేలితో నొక్కండి. భుజం దగ్గర ఎముక ఎటు వాలిందో ఆ దిశలోనే వేలు నడపాలి. వేలిగుర్తులు కొన్ని ఉండనివ్వండి, నున్నగా తుడిస్తే ప్రాణం పోతుంది. గదిలో లైట్లన్నీ ఆపేసి, ఎడమవైపు పై నుంచి ఒక్క టేబుల్ ల్యాంప్ ఏటవాలుగా పడేలా పెట్టి పని చేయండి. ఎదురుగా వెలుతురు ఉంటే ఏమీ తెలియదు. పని ఆపినప్పుడు తడిగుడ్డ, దాని పైన పాలిథీన్ కప్పండి.

మట్టి బొమ్మ మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తాం, ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోస్తే అసలు పలక వస్తుంది. అచ్చు తీసేముందు అంచులు చూడండి. పొట్ట కింద, టోపీ అంచు కింద లోపలికి తొలిచిన చోటు ఎక్కడా ఉండకూడదు, అలాంటి చోట మట్టి ఇరుక్కుంటుంది. చుట్టూ రెండంగుళాల మట్టి గోడ కట్టండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోయకూడదు. పొడి నీటిపైన దిబ్బలుగా తేలేదాకా చల్లి, నానాక నెమ్మదిగా కలపండి. మొదటి పూతలో చిటికెడు కావి కలిపి, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వేయండి. అది బిగిశాక అంగుళం తెల్ల పూత. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ బాగా వేడెక్కుతుంది, అందుకే అందులో చెయ్యి పెట్టి అచ్చు తీయాలని పిల్లలు సరదా పడితే గట్టిగా ఆపండి, కాలుతుంది.

చల్లారాక పలకను తిప్పి మట్టి తీసేసి, మెత్తటి కుంచెతో కడగండి. చిక్కటి సబ్బునీళ్లు రెండు మూడుసార్లు పట్టించి, నురగ తుడిచి, కొత్త ప్లాస్టర్ పోయండి. మర్నాడు అచ్చు పైకి వచ్చేలా తిప్పి, మొద్దు ఉలితో పైనున్న అచ్చును కొద్దికొద్దిగా పగలగొట్టాలి. కావిరంగు కనబడగానే చెయ్యి నెమ్మదించండి, దాని కిందే మీ గుర్రం ఉంది. చెవులు, కళ్లెం ఉన్న చోట చివర్లో ముట్టుకోండి. ముక్క విరిగితే పారేయొద్దు, రెండు అంచులూ తడిపి పల్చటి ప్లాస్టర్‌తో అతికించొచ్చు.

మిగిలిన ప్లాస్టర్‌ను సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది. బకెట్‌లోనే గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. పలక పూర్తిగా ఆరాక, కిటికీకి ఎదురుగోడ కాకుండా పక్కగోడకు తగిలించండి.